లినక్స్ మింట్‌లో జీటీ 730: కొన్నేళ్లు వాడాక నా మాట

విజయనగరం గంటస్తంభం దగ్గర మా డీటీపీ షాపులో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు అన్నీ లినక్స్ మింట్ 21 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీదే చేస్తాం. ఒక మానిటర్‌లో డిజైన్ చేసే ఇంక్‌స్కేప్, కస్టమర్ వైపు తిప్పిన రెండో దాంట్లో ప్రూఫ్. ఈ రెండు తెరల కోసమే ఎన్విడియా జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మా పనికి చక్కగా సరిపోయింది. ఫ్యాన్ లేని మోడల్ కాబట్టి చప్పుడు లేదు, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు.

కొనేముందు ఒకటి చూసుకోండి. ఇదే పేరుతో రెండు రకాల చిప్‌లు వచ్చాయి. కెప్లర్ చిప్‌కి 470 సిరీస్ డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పడుతుంది, పాత ఫెర్మికి 390 దాకానే. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొడితే జీకే208 అని కనిపించేది కెప్లర్, జీఎఫ్108 అయితే ఫెర్మి. నాది కెప్లర్. డ్రైవర్ మేనేజర్‌లో 470 ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే చాలు.

అసలు టెన్షన్ సిరిమానోత్సవం ఫ్లెక్సీల రద్దీలో వచ్చింది. కస్టమర్ వైపు మానిటర్ ఉన్నట్టుండి 1024×768కి పడిపోయింది. ఒత్తులన్నీ మసకబారాయి. ప్రూఫ్‌లో ఒత్తు సరిగ్గా కనబడకపోతే అచ్చయిన సరుకంతా వృథా. తెలిసినవాళ్లంతా డ్రైవర్ తీసి మళ్లీ వెయ్యమన్నారు. అదే కార్డు మీద మొదటి మానిటర్ 1920×1080లో నిక్షేపంగా ఉంటే డ్రైవర్‌ని ఎందుకు అనుమానించాలి? తెరల వివరాలు చూపే ఎక్స్‌రాండర్ కమాండ్‌ని ప్రాప్ ఆప్షన్‌తో (xrandr --prop) నడిపి చూశాను. మానిటర్ తన రిజల్యూషన్లు ఏంటో కార్డుకి చెప్పుకునే సమాచారాన్ని ఈడీఐడీ అంటారు. మొదటి మానిటర్ కింద అది బారుగా వచ్చింది, రెండో దాని కింద అసలు లేదు. వీజీఏ కేబుల్ ఊడదీసి చూస్తే 12వ పిన్ను వంగిపోయి ఉంది. ఆ సమాచారం వచ్చేది దాని మీదుగానే. కేబుల్ మార్చగానే అక్షరాలు మళ్లీ తేటగా వచ్చాయి. అందుకే ఇలాంటప్పుడు ముందు కేబుల్ చూడండి, సెట్టింగుల జోలికి తర్వాత వెళ్లొచ్చు.

వీడియోలో తెర అడ్డంగా చీలినట్టు కనిపిస్తే ఎన్విడియా సెట్టింగ్స్‌లో 'ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్' టిక్ పెట్టండి. ఆ మార్పుని తెర సెట్టింగులు ఉండే ఎక్స్‌ఆర్గ్ ఫైల్‌లో సేవ్ చేయకపోతే రీస్టార్ట్‌తో పోతుంది.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి మాత్రం ఈ కార్డు చెప్పను. 470 సిరీస్‌కి ఎన్విడియా మద్దతు 2024లో ఆగిపోయింది. డ్రైవర్ కెర్నల్‌లోనే (లినక్స్ అసలు గుండెకాయలోనే) ఉండే ఏఎండీ కార్డు తీసుకోవడం మేలు. ఇప్పటికే కెప్లర్ కార్డు ఉన్నవాళ్లు మింట్ 21లోనే 5.15 కెర్నల్ మీద ఉండండి. దానికి 2027 దాకా అప్‌డేట్లు వస్తాయి.