ఓలెడ్ ప్రింటింగ్ ఇంక్ కొంటున్నారా, శాంపిల్ బాగుందని ఆర్డర్ పెట్టేయకండి

ఇంక్‌జెట్‌తో ఓలెడ్ డిస్‌ప్లేలు ట్రై చేసే చిన్న ల్యాబులవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. అమ్మినవాళ్ళ పేరు చెప్పను, వాళ్ళతో గొడవ ఇంకా తెగలేదు. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తా.

మాకు గ్రీన్ ఎమిటర్ ఇంక్ (కరెంట్ ఇస్తే ఆకుపచ్చగా వెలిగే పౌడర్‌ని సాల్వెంట్‌లో కరిగించిన ఇంక్) కావాల్సొచ్చింది. సొంతంగా కలుపుకునే టైమ్ లేక రెడీమేడ్ ఇంక్ శాంపిల్ తెప్పించాం. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. చుక్క సూటిగా పడుతోంది, వెనక తోక కూడా చుక్కలోనే కలిసిపోతోంది, పక్కన పిల్ల చుక్కల్లేవు, పిక్సెల్ గుంటలో ఆరాక ఫిల్మ్ చదునుగా ఉంది. ఇంకేం, పెద్ద ఆర్డర్ కొట్టేశాం. అక్కడే మా తెలివి తెల్లారింది.

ఆర్డర్‌లో వచ్చిన బాటిల్ మీద పేరు అదే, కోడ్ అదే. ప్రింట్ హెడ్‌ని ఒక ఐదు నిమిషాలు ఖాళీగా ఉంచి మళ్ళీ మొదలెడితే చాలు, కొన్ని నాజిల్స్ (చుక్కలు వదిలే సన్న రంధ్రాలు) నుంచి మొదటి చుక్కలు రావట్లా, వచ్చినవి వంకరగా పోయి పక్క పిక్సెల్‌లో పడుతున్నాయి. మేం వాడేది 10 పీకోలీటర్ల చుక్క, అంటే అడ్డం దాదాపు 27 మైక్రాన్లు, నాజిల్ అంచున కాస్త ఇంక్ ఎండినా దారి తప్పుతుంది. పర్జ్ చేస్తే (ఇంక్‌ని గట్టిగా బయటికి తోసి నాజిల్ శుభ్రం చేస్తే) సర్దుకుంటుంది, కాసేపటికి మళ్ళీ అదే కథ. వారం రోజులు తప్పు మాదే అనుకుని వేవ్‌ఫామ్ (చుక్క వదలడానికి హెడ్‌కి ఇచ్చే వోల్టేజ్ పల్స్ ఆకారం) మార్చాం, వోల్టేజ్ పెంచాం, హెడ్ టెంపరేచర్ తగ్గించాం, ఇంక్‌ని అనుమానించాలన్న ఆలోచనే రాలేదు (శాంపిల్ అంత బాగా పనిచేసింది మరి).

ఆఖరికి ఫిల్మ్ ప్రొఫైల్ తీసి చూస్తే పిక్సెల్ చుట్టూ గట్టు, మధ్యలో లోతు. కాఫీ రింగ్ అంటారే, అదే. అంచు దగ్గర సాల్వెంట్ త్వరగా ఆవిరైపోతుంటే మధ్యలో ఉన్న ద్రవం అక్కడికి పారుతూ మెటీరియల్‌ని కూడా మోసుకుపోతుంది. లేయరే 50 నానోమీటర్లు, అందులో మధ్యన పల్చబడితే కరెంట్ అంతా అక్కడే దూరుతుంది, వెలుగూ సమంగా రాదు, పిక్సెలూ తొందరగా పోతుంది.

అప్పుడు శాంపిల్ బాటిల్, ఆర్డర్ బాటిల్ రెండూ జీసీ-ఎంఎస్‌కి (ద్రవంలో ఏ రసాయనాలున్నాయో విడదీసి చెప్పే టెస్ట్) పంపాం. శాంపిల్‌లో ఎక్కువ భాగం సైక్లోహెక్సైల్‌బెంజీన్, అది మరిగేది 240 డిగ్రీల దగ్గర, నెమ్మదిగా ఆరుతుంది. రెండో దాంట్లో చాలావరకు టెట్రాలిన్, అది 207కే మరుగుతుంది. చెప్పాపెట్టకుండా సాల్వెంట్ మార్చేశారు! అడిగితే "ఈక్వివలెంట్ అండీ, ప్రాబ్లం ఉండదు" అన్నారు. ఎవరికి ఉండదో మరి.

ఇంకో తలనొప్పి ఏంటంటే టెట్రాలిన్‌కి గాలి తగిలితే మెల్లగా హైడ్రోపెరాక్సైడ్ తయారవుతుంది. వచ్చిన బాటిల్స్ తెల్ల గాజువి, లోపల నైట్రోజన్ నింపినట్టు ఎక్కడా రాసిలేదు. పెరాక్సైడ్ ఉంటే రంగు మారే స్ట్రిప్ పెట్టి చూస్తే నీలం తిరిగింది. ఆ ఇంక్‌తో చేసిన డివైసులు సగం వెలుగుకి పడిపోయే టైమ్ శాంపిల్‌తో చేసినవాటిలో మూడో వంతు కూడా లేదు. అంతా పెరాక్సైడ్ వల్లే అని ఒట్టేసి చెప్పలేను, పల్చటి ఫిల్మ్ పాత్ర కూడా ఉండొచ్చు.

ఇక సర్టిఫికెట్ సంగతి. హెచ్‌పీఎల్‌సీ (ఆర్గానిక్ మలినాల్ని విడదీసి కొలిచే టెస్ట్) ప్యూరిటీ 99.9 శాతం అని ఉంది, చూసి మురిసిపోయాం. తీరా గమనిస్తే అది ఇంక్‌కి కాదు, అందులో కలిపిన పౌడర్‌కి! రెండు బ్యాచ్‌లకీ అదే కాగితం, తేదీతో సహా. పైగా ఆ టెస్ట్‌లో పౌడర్ తయారీలో మిగిలిపోయే పల్లాడియం కనపడదు, క్లోరైడ్ కనపడదు, తేమ కనపడదు, రేణువులు అసలే కనపడవు. 0.2 మైక్రాన్ల రేణువు అంటే మన లేయర్‌కి నాలుగింతలు మందం, షార్ట్ అవ్వడానికి అదొక్కటి చాలు.

కాబట్టి కొనేముందు ఆ లాట్ (బ్యాచ్) నంబర్ మీదే ఇంక్ రిపోర్ట్ అడగండి, అందులో సాల్వెంట్లు ఎంతెంత ఉన్నాయి, స్నిగ్ధత, తలతన్యత, తేమ, లోహాలు అన్నీ ఉండాలి. "ఫార్ములా సీక్రెట్" అంటే కనీసం ఫార్ములా మారిస్తే ముందే చెప్తామని రాతపూర్వకంగా తీసుకోండి. శాంపిల్ అంతా వాడేయకుండా కొంచెం గ్లవ్ బాక్స్‌లో (గాలి, తేమ చొరబడని పెట్టె) దాచిపెట్టుకోండి, మా దగ్గర అడుగున ఒక మిల్లీలీటరు మిగలబట్టే ఇదంతా బయటపడింది. కొత్త లాట్ వస్తే ముందు పాత హెడ్‌తో ప్రింట్ చేసి, గంట ఆపి, మళ్ళీ మొదలెట్టి మొదటి చుక్క చూడండి.

వాళ్ళు ఇప్పుడు "మీ స్టోరేజ్ సరిగ్గా లేదు" అంటున్నారు. అందుకే సీల్ తీయని బాటిల్ ఒకటి బయటి ల్యాబ్‌కి పంపాం, రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతా. మా హెడ్‌లో 16 నాజిల్స్‌కి ఐదు ఎన్నిసార్లు కడిగినా తెరుచుకోలేదు, దానికి మాత్రం ఎవరూ పూచీ లేరు.