ఈ20 పెట్రోల్: ధర్మాబాద్ వైపు బండ్లలో చాలాకాలం వాడాక

మరాఠ్వాడాలో నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లో ఏ బంకుకు వెళ్లినా ఇప్పుడు మామూలుగా పోసేది ఈ20 పెట్రోలే. అంటే లీటరులో 200 మిల్లీలీటర్లు ఇథనాల్, పంటల నుంచి తీసే ఆల్కహాల్. దేశం మొత్తం మీద సగటు కలయిక 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పాత కార్బోరేటర్ బండిలోనూ, బీఎస్6 ఇంజెక్షన్ బండిలోనూ ఎండకాలం, వానకాలం రెండూ దాటేలా వాడి చూస్తే ఒకటి తెలుస్తుంది: పొగ విషయంలో ఈ20 ఇథనాల్ కలపని పెట్రోలు కన్నా నిజంగానే మేలు. కార్బన్ లెక్క మాత్రం సైలెన్సర్ దగ్గర తేలదు. ఆ ఇథనాల్ ఏ పంటది, ఆ పంటకు ఏ నీళ్లు పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు పొగ. ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే కాబట్టి ఇంధనం పూర్తిగా కాలుతుంది. ఈ20తో కార్బన్ మోనాక్సైడ్ ద్విచక్ర వాహనాల్లో సగానికి, కార్లలో 30 శాతం దాకా తగ్గుతుందని, కాలకుండా బయటికొచ్చే హైడ్రోకార్బన్లు 20 శాతం తగ్గుతాయని నీతి ఆయోగ్ 2021 నివేదిక చెప్పింది. నైట్రోజన్ ఆక్సైడ్లలో స్పష్టమైన తేడా కనిపించలేదు. అసిటాల్డిహైడ్ అనే ఘాటు వాయువు మాత్రం పెరుగుతుంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ వేడెక్కాక దాన్ని చాలావరకు కాల్చేస్తుంది, పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో అది పని చేయదు. ఇంట్లో, మూసిన షెడ్డులో బండి స్టార్ట్ చేసి వదిలేయకండి.

పాత బండిలో పీయూసీ (పొగ తనిఖీ) చీటీ మీద సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, అంకె తగ్గిందని సంతోషించి ఊరుకోకూడదు. కార్బోరేటర్‌కు ఆక్సిజన్ సెన్సర్ ఉండదు, పెట్రోలుకు కట్టిన జెట్టుతోనే (ఇంధనం వెళ్లే సన్న రంధ్రం) ఈ20నీ పంపుతుంది. పెట్రోలుకు బరువులో 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. కాబట్టి గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. పొద్దున చోక్ ఎక్కువసేపు కావాలి, రేస్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటుంది, ప్లగ్ కొస తెల్లగా మారుతుంది. ఇంజన్ వేడెక్కాక మిక్చర్ స్క్రూ మిశ్రమం చిక్కబడే వైపు పావు చుట్టు తిప్పి చూడండి, అర చుట్టు దాటొద్దు. ఇది ఐడిల్‌కే, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజన్ నడిచేటప్పటికే పనికొస్తుంది. వేగంలో కూడా ప్లగ్ తెల్లగానే ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయాలి. అంతకన్నా చిక్కగా పెడితే సీఓ మళ్లీ పెరిగి, ఇథనాల్ తెచ్చిన లాభం పోతుంది. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ చూసుకుని తానే సరిచేసుకుంటుంది.

మైలేజీ తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఈ20కి కట్టని ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం, కార్లలో 6-7 శాతం తగ్గుదల అని అదే నివేదిక అంచనా.

ఇక కార్బన్. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు ఇథనాల్‌కు 1.5 కిలోలు. చూడటానికి తక్కువే. కానీ అంతే దూరం పోవడానికి ఇథనాల్ ఒకటిన్నర లీటరు కావాలి, దాంతో లెక్క దాదాపు సమానమవుతుంది. లాభమంతా పంట పెరిగేటప్పుడు గాలిలోంచి లాక్కున్న కార్బన్‌దే. దానిలోంచి యూరియా, దున్నిన డీజిల్, డిస్టిలరీ బాయిలర్ వల్ల గాలిలోకి పోయేది తీసేయాలి. యూరియా వేసిన నేల నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. బస్తాలకు బస్తాలు యూరియా వేసిన మక్కల ఇథనాల్‌కు ఈ కోత పెద్దది. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ ఇథనాల్‌కు చిన్నది, ఎందుకంటే ఆ చెరకు చక్కెర కోసం ఎలాగూ పండింది.

నీటి సంగతి మరాఠ్వాడాలో తప్పించుకోలేం. చెరకు ఇథనాల్ లీటరుకు దాదాపు 2,860 లీటర్ల నీళ్లు పడతాయని నీతి ఆయోగ్ లెక్క. పక్కనే లాతూర్‌కు 2016లో మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్లు తెచ్చారు. 2023 డిసెంబరులో, వానలు తక్కువై చెరకు తగ్గుతుందని, రసం నుంచి ఇథనాల్ తీయడానికి కేంద్రమే పగ్గం వేయాల్సి వచ్చింది. బోరు నీళ్లతో పెంచిన చెరకు రసాన్ని టంకీలో పోయడం ఈ నేలకు మేలు చేసే పని కాదు. పైగా మొలాసిస్ డిస్టిలరీలో లీటరుకు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే నల్లటి వ్యర్థ ద్రవం మిగులుతుంది. దాన్ని చిక్కబెట్టి బాయిలర్‌లో కాల్చాలి, వాగులో వదిలితే నీళ్లలో ఆక్సిజన్ పోయి చేపలు చస్తాయి. పెట్రోలుదీ శుభ్రమైన చరిత్ర కాదు: బంకు భూగర్భ ట్యాంకు కారితే పెట్రోలులోని బెంజీన్ అనే విషం బావుల్లోకి చేరుతుంది. ఇథనాల్ తొందరగానే కుళ్లిపోతుంది, కానీ కుళ్లుతూ సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్ తినేయడం వల్ల పక్కనున్న బెంజీన్ మరింత కాలం నిలుస్తుంది.

వాడకంలో అసలు శత్రువు నీరు. ఇథనాల్ కొద్దిపాటి తేమను తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి టంకీ అడుగుకు దిగిపోతాయి. ఇంజన్ పీల్చేదీ అక్కడి నుంచే. వానకాలంలో టంకీ సగం ఖాళీగా పెట్టొద్దు, మూత రబ్బరు పగిలితే మార్చండి. అనుమానం వస్తే కార్బోరేటర్ కింది ఫ్లోట్ గిన్నె అడుగు స్క్రూ తీసి గాజు సీసాలోకి వంచండి, నీరుంటే అడుగున పొర కనిపిస్తుంది.

ఇథనాల్ శాతం చూడాలంటే 100 మిల్లీలీటర్ల మూత ఉన్న కొలజాడీ తీసుకుని, 10 వరకు నీరు, 100 వరకు పెట్రోలు పోసి ఊపి పది నిమిషాలు నిలవనివ్వాలి. ఇథనాల్ నీటిలోకి దిగిపోతుంది, అడుగు పొర 28 గీత దగ్గరుంటే ఈ20. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ఆ పెట్రోలు మళ్లీ బండిలో పోయకూడదు.

పాత నైట్రైల్ రబ్బరు పైపులు, ఓరింగులు ఉబ్బి మెత్తబడతాయి, ఆవిరి కూడా వాటిలోంచి బయటికి పోతుంది. మార్చేటప్పుడు ఇథనాల్ తట్టుకునే వైటాన్ రకం రబ్బరు అడగండి. పత్తికి మందు కొట్టే పెట్రోల్ స్ప్రేయర్లలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. సీజన్ అయిపోగానే టంకీ ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. లేకపోతే కార్బోరేటర్ పల్చటి డయాఫ్రం బిరుసెక్కి, మళ్లీ వానకాలానికి తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు.