బరంపురంలో అయిదు రూపాయల భోజనం: మానసిక రోగులకి ఎంత ఆసరా?

ఒడిశా ప్రభుత్వం 2015 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన ఆహార్ కేంద్రాల్లో 5 రూపాయలకి అన్నం, దాల్మా పెడతారు. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. నలుగురిలో తలెత్తుకోలేక ఇంట్లోనే ఉండిపోయే మనిషికి ఇది చాలా పెద్ద విషయం. దాల్మాలో గుమ్మడి, బొప్పాయి, అరటికాయ ముక్కలు పప్పులోనే ఉడుకుతాయి కాబట్టి ఒక్క గరిటెలో పప్పూ కూరా వచ్చేస్తాయి.

చిక్కంతా వేళ దగ్గరే. రాత్రి మాత్ర మత్తు దిగేసరికి పొద్దెక్కిపోతుంది, బయల్దేరేలోపు మధ్యాహ్నం వడ్డన అయిపోవచ్చు. ఇంట్లోవాళ్ళో ఇరుగుపొరుగో పదింటికల్లా లేపి, వరసలో పక్కన నిలబడితే చాలావరకు నెగ్గుకొస్తారు.

మందుకీ తిండికీ లంకె ఉంది, మానసిక జబ్బులకి వాడే మూడు మందులే చూడండి. లురాసిడోన్ కనీసం 350 కేలరీల భోజనంతో వేసుకోకపోతే ఒంటికి సరిగ్గా పట్టదు. లిథియం వాడేవాళ్ళు ఉప్పు ఉన్నట్టుండి తగ్గిస్తే రక్తంలో మందు పెరిగిపోతుంది. ఒలంజపిన్ ఆకలి పెంచుతుంది, ఒక్క పూట భోజనం ఏ మూలకీ చాలదు.

మిగతా పూటలకి రేషన్ బియ్యమే దిక్కు: ప్రాధాన్య కార్డుకి మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయకి కుటుంబానికి 35. రేషన్ కార్డులో ఉన్న మనిషి మీరేనని సరిచూసే ఈ-కేవైసీకి వేలిముద్ర పడిందో లేదో ఆసుపత్రిలో చేరకముందే చూసుకోండి.