విపత్తు పొదుపు ఖాతానా, మామూలు పొదుపు ఖాతానా? సౌత్ కరోలినా ఇంటి యజమానుల ముందున్న ఎంపిక

అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం 2007లో తీరప్రాంత బీమా సంస్కరణల్లో భాగంగా, తుపాను, వరద, పెనుగాలుల నష్టంలో బీమా భరించని మొత్తం కోసం ఇంటి యజమానులు పన్ను రాయితీతో సొమ్ము దాచుకునే ప్రత్యేక ఖాతాను ప్రవేశపెట్టింది. మామూలు పొదుపు ఖాతాతో పోలిస్తే దీని మేలు రాష్ట్ర ఆదాయపు పన్నుకే పరిమితం. ఫెడరల్ పన్నులో రెండింటికీ తేడా లేదు.

నాలుగు లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటికి తుపాను డిడక్టిబుల్ (నష్టంలో బీమా సొమ్ము రాకముందు యజమాని భరించే వాటా) 2 శాతమైతే, మొదటి 8,000 డాలర్లు యజమానే భరించాలి. డిడక్టిబుల్ వెయ్యి డాలర్లు దాటితే దానికి రెట్టింపు లేదా 15,000 డాలర్లు, వీటిలో తక్కువైన మొత్తం వరకు దాచవచ్చు కనుక, ఈ ఇంటి పరిమితి 15,000. ఆరు శాతం రాష్ట్ర పన్ను చెల్లించేవారికి దీనిపై పన్నులో ఆదా అయ్యేది సుమారు 900 డాలర్లు. వడ్డీకీ రాష్ట్ర పన్ను ఉండదు.

అయితే ఆ సొమ్మును పిల్లల ఫీజుకో, కారు మరమ్మతుకో వాడుకుంటే, అది ఆదాయంలో కలవడమే కాక 2.5 శాతం అదనపు పన్ను కూడా పడుతుంది. మామూలు ఖాతాకు ఈ బెడద లేదు. అత్యవసరానికి వేరే నిధి లేని కుటుంబానికి, నా దృష్టిలో, ముందుగా కావలసింది మామూలు ఖాతాయే. అద్దెకిచ్చిన ఇంటికైతే ఈ చర్చే అక్కర్లేదు. విపత్తు ఖాతా సొంత నివాసానికే వర్తిస్తుంది.