తిరుపతి–కాట్పాడి మెమూ: చదివేవాళ్లకూ, వాళ్లేం చదువుతున్నారో గమనించేవాళ్లకూ అనువైన బండి

తిరుపతి నుంచి చిత్తూరుకు వెళ్లడానికి బస్సులకు కొదవ లేదు. అయినా చేతిలో పుస్తకం ఉన్నవాళ్లకూ, ఎదుటివాళ్లు ఏం చదువుతున్నారోనన్న కుతూహలం ఉన్నవాళ్లకూ పాకాల మీదుగా కాట్పాడి వెళ్లే మెమూ రైలునే నేను సిఫారసు చేస్తాను. బస్సులో అందరి ముఖాలూ డ్రైవరు వైపే ఉంటాయి కాబట్టి ముందు సీటులోని మనిషి జుట్టు తప్ప మనకు కనిపించేది తక్కువ. మెమూలో ఎదురెదురు సీట్లు ఉన్నచోట కూర్చుంటే, తల ఎత్తగానే అవతలివారు పట్టుకున్న పేపరు వెనక పేజీ కళ్ల ముందుంటుంది. రిజర్వేషన్ లేని బండి కావడం వల్ల విద్యార్థి, రైతు, గుమాస్తా, రోగి, యాత్రికుడు అందరూ ఒకే పెట్టెలో సర్దుకుంటారు.

తిరుపతి, పాకాల, కాట్పాడిల మధ్య 104 కిలోమీటర్ల ఈ మార్గం సింగిల్ లైను. దీని డబ్లింగ్‌కు 1,332 కోట్ల రూపాయల అంచనాతో కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. రెండో లైను పూర్తయ్యేవరకు ఎదురు బండికి దారి ఇవ్వడానికి ఏదో ఒక స్టేషనులో ఆగక తప్పదు. వేళకు ఆఫీసు చేరవలసినవాళ్లకు ఈ క్రాసింగ్ ఇబ్బందే కానీ, చదువరికి మాత్రం అది వరం. బండి కుదుపు ఆగి, ఫ్యాన్ల చప్పుడు మాత్రమే మిగిలిన ఆ కాసేపట్లో, అప్పటిదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాళ్లు కూడా సంచిలోంచి ఏదో ఒక కాగితం బయటికి తీయడం గమనించాను.

ఎక్కువగా కనిపించేవి పోటీ పరీక్షల పుస్తకాలే. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుంచి తిరుపతి చదువుల ఊరు కూడా అయింది. దాని చుట్టూ ఉన్న హాస్టళ్లలో గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకునేవాళ్లు ఈ బండిలో సొంత ఊళ్లకు వెళుతూ వస్తూ ఉంటారు. తెలుగు అకాడమీ పుస్తకానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకున్న ఒక అమ్మాయి ఒకసారి నా ఎదుట కూర్చుంది. అట్ట మీద పేరు లేకపోయినా, విప్పిన పేజీలో నదుల పట్టిక కనిపించింది కనుక అది భూగోళమని తెలిసింది. ఆమె స్కేలు లేకుండా పెన్సిలుతో గీతలు గీస్తోంది. బండి బ్రేకు వేసినప్పుడల్లా గీత వంకరపోయి పై వాక్యాన్ని తాకుతోంది, ఆమె మాత్రం చెరపకుండా ముందుకు సాగుతోంది. ఆ పుస్తకంలో ఎన్ని పేజీలు రైల్లో చదివినవో, ఎన్ని గదిలో చదివినవో ఆ గీతలే చెబుతాయని అనిపించింది. పక్కవాడు చేతిలోని బిట్ బ్యాంకు చూస్తూ ప్రశ్న అడగడం, ముక్కూమొహం తెలియని మరొకరు జవాబు చెప్పడం ఇక్కడ మామూలే.

పేపర్ల విషయానికి వస్తే, చిత్తూరు దాటాక తమిళనాడు దగ్గరవుతున్న సంగతి బోర్డుల కంటే ముందు చేతుల్లోని అక్షరాలే తెలియజేస్తాయి. తెలుగు దినపత్రిక పక్కనే తమిళ పత్రిక దినతంతి విప్పుకుంటుంది. రెండూ చదవగలిగినవాళ్లు ఈ సరిహద్దులో చాలామంది. ఇక్కడ పేపరు ఒక్కరి సొత్తు కాదు. "అన్నా, నడిమి పేజీ ఒకసారి ఇట్లియ్యన్నా" అని అడిగితే కాదనేవాళ్లను నేను చూడలేదు. జిల్లా పేజీలు ఒకరికి, సినిమా పేజీ మరొకరికి పోగా, కొన్నవారి చేతిలో చివరికి సంపాదకీయం ఒక్కటే మిగలడం కద్దు.

కాట్పాడి అంటే వేలూరుకు వెళ్లేవాళ్లు దిగే స్టేషను. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో ప్రారంభించిన ఆసుపత్రే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ). అక్కడికి వెళ్లే కుటుంబాలు ప్లాస్టిక్ కవర్లలో రిపోర్టులు పెట్టుకుని ఈ బండి ఎక్కుతాయి. ఒక పెద్దాయన ఒకే కాగితాన్ని మడత విప్పి చదివి, మళ్లీ మడిచి, మరి కాసేపటికి మళ్లీ విప్పడం చూసినప్పుడు, ఈ పెట్టెలో అంత శ్రద్ధగా చదివేవారు ఇంకొకరు లేరనిపించింది. అలాంటి కాగితం మీదికి చూపు పోనివ్వకూడదు. పుస్తకం పేరు చూడవచ్చు, అడగవచ్చు. రిపోర్టు, ఉత్తరం, ఫోనులోని మెసేజీ మనవి కావు.

ఫోనులో చదివేవాళ్లే నేడు ఎక్కువ. వాళ్లేం చదువుతున్నారో తెలియదు, తెలుసుకోవాలనుకోవడమూ సబబు కాదు. అయితే ప్రతిలిపి వంటి యాప్‌లో సీరియలు చదివే గృహిణులు అక్షరాలను పెద్దవి చేసుకుని, పక్కనున్న చెల్లెలికో వదినకో చదివి వినిపించడం కద్దు. వినేవాళ్లలో అప్పుడప్పుడు నేనూ ఉంటాను.

కూర్చునే చోటు గురించి ఒక మాట. పాకాల దాటాక బండి దక్షిణానికి తిరుగుతుంది. ఉదయం వెళ్లేవాళ్లు ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే ఎండ నేరుగా పేజీ మీద పడి కళ్లు నొప్పిపెడతాయి కాబట్టి కుడి వైపు ఎంచుకోవాలి. బల్ల ఉండదు గనుక లావుపాటి పుస్తకం కంటే ఒళ్లో ఇమిడేది తెచ్చుకోవడం మేలు. కాలేజీల వేళల్లో రద్దీ ఉంటుంది, నిలబడి చదవడం కష్టం. మధ్యాహ్నపు బండి దొరికే రోజున ఆ బండికే వెళ్లండి.