తార్నాకలో థెరపిస్టు: రిటైరైన రైల్వే కంట్రోలర్ ఏడాది దాటాక రాస్తున్న సమీక్ష

దక్షిణ మధ్య రైల్వేలో, సికింద్రాబాద్ డివిజన్ కంట్రోల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఏడాది పైగా తార్నాకలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను. నాకు పనికొచ్చింది, పెట్టిన డబ్బు దండగ కాలేదు. ఆవిడ పేరు రాయడం లేదు, పేరు పెట్టి పొగడటం తనకు ఇష్టం లేదన్నారు. కాబట్టి ఫలానా వాళ్ళ దగ్గరికి వెళ్ళండి అని చెప్పే సమీక్ష కాదిది. మన హైదరాబాద్‌లో ఇలాంటి సాయం ఎలా వెతుక్కోవాలి, లోపల ఏం జరుగుతుంది, ఎంతవుతుంది, ఎక్కడ నిరాశ పడతాం అన్నది ఒక వాడుకదారుడిగా రాస్తున్నాను. ఆస్పత్రిలో చేరేంత జబ్బేమీ లేకపోయినా రిటైర్మెంటో, విడాకులో, పిల్లలు దేశం దాటడమో, ఇంట్లో ఒకరు పోవడమో జరిగి రోజు గడవడమే కష్టంగా ఉన్నవాళ్ళకు ఇది ఉపయోగపడాలని నా కోరిక.

కంట్రోలర్ పని చాలామందికి తెలియదు. ఒక సెక్షన్‌లో (నాది చాలాకాలం కాజీపేట–బల్లార్షా) నడిచే ప్రతి బండీ ఇప్పుడు ఎక్కడుంది, దేన్ని ఏ స్టేషన్‌లో పక్కకు తీసి దేన్ని ముందు వదలాలి అని సీట్లో కూర్చుని క్షణక్షణం నిర్ణయించే పని అది. డ్యూటీలో కూర్చుంటే దిగేదాకా స్టేషన్ మాస్టర్లు లైన్లో పిలుస్తూనే ఉంటారు. పండగలు, పెళ్ళిళ్ళు, నాన్నగారి తద్దినం, అన్నీ రోస్టర్ చూసుకునే. అరవై నిండిన నెల ఆఖరి రోజున శాలువా కప్పి, దండ వేసి పంపారు. మర్నాటి నుంచి ఒక్క ఫోన్ లేదు. క్వార్టర్ ఖాళీ చేసి హబ్సిగూడ ఫ్లాట్‌లోకి మారాం, కొన్నాళ్ళకే అబ్బాయి కుటుంబంతో డల్లాస్ వెళ్ళిపోయాడు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. తిండి సహించేది కాదు, సాయంత్రం అయ్యేసరికి గుండెల్లో ఏదో బరువు, ఇంట్లో చిన్న మాటకు కూడా గట్టిగా అరిచేవాణ్ణి. గుడికి వెళ్ళమన్నారు, వాకింగ్ చెయ్యమన్నారు, అవి మంచివే, చేశాను కూడా, ఆ గంటసేపు బాగానే ఉండేది, ఇంటికొచ్చాక మళ్ళీ అదే.

కొండాపూర్‌లో ఉండే మా అమ్మాయి పట్టుబట్టి ముందు ఒక యాప్‌లో బుక్ చేసింది. అరగంట వీడియో కాల్. ప్రతిసారీ వేరే మనిషి, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఎదురుగా ఉన్నవాళ్ళు పాపం మర్యాదగానే మాట్లాడేవారు, కానీ ఎక్కువ ఇంగ్లిష్‌లో. ఉద్యోగం గురించి ఇంగ్లిష్‌లో ఎంతసేపైనా మాట్లాడగలను, మా అమ్మ పోయిన రాత్రి నేను డ్యూటీలో ఉన్న సంగతి మాత్రం ఆ భాషలో నోరు దాటలేదు. ఒకరి అర్హత ఏమిటని అడిగితే ఏదో ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ అన్నారు. మానేశాను.

అప్పుడు తెలుసుకున్న సంగతి, అందరూ తెలుసుకోవలసింది కూడా, ఇది: సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, ఎంఫిల్ లాంటి ప్రత్యేక శిక్షణ పొంది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో, నమోదై ఉంటారు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం నిన్నమొన్నటి దాకా ఎవరు పెట్టుకున్నా అడిగే చట్టం లేదు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం వచ్చి కౌన్సెలర్లను కూడా తన జాబితాలో చేర్చింది, కానీ బోర్డు చూసి నమ్మేయకుండా చదువు, శిక్షణ అడగడం మన పని. కౌన్సెలర్లలో చాలా మంచివాళ్ళు ఉన్నారు, ఎమ్మెస్సీ సైకాలజీ చదివి ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళు. అడగగానే వివరంగా చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, విసుక్కున్నవాళ్ళని వదిలెయ్యండి.

నేను వెతికినప్పుడు కనిపించినవాళ్ళలో ఎక్కువమంది బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపే ఉన్నారు. హబ్సిగూడ నుంచి రాయదుర్గం దాకా మెట్రో నేరుగా ఉంది, నిజమే, కానీ స్టేషన్ దిగి ఆటో పట్టుకుని, మళ్ళీ తిరిగి రావడం కలుపుకుంటే గంట పనికి పూటంతా పోతుంది. మనసు బాగా లేని రోజే వెళ్ళాల్సిన రోజు, దూరమైతే ఆ రోజే మానేస్తాం. అందుకే దగ్గరగా ఉండటాన్ని చదువు తర్వాత రెండో స్థానంలో పెట్టాను. తార్నాకలో ఈవిడ దొరికారు, చిన్న వయసే, మా అమ్మాయి ఈడు. ఫోన్లో మూడు అడిగాను: ఆర్‌సీఐ నంబరు ఉందా, పూర్తిగా తెలుగులో మాట్లాడొచ్చా, ఎంతకాలం పడుతుంది. మూడోదానికి ఆవిడ ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. "ముందు ఆరు సెషన్లు చూద్దాం సార్, అప్పటికి మీకు తేడా కనిపించకపోతే నేనే ఇంకొకరి దగ్గరికి పంపిస్తాను" అన్నారు.

మొదటి రోజు మాటలకంటే కాగితాలు ఎక్కువ. తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9, ఏడు ప్రశ్నల జీఏడీ-7, గత రెండు వారాల్లో ఎలా ఉందని అడిగే ఫారాలు. మొదటిది దిగులుకు, రెండోది ఆందోళనకు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగారు, నేను ఉలిక్కిపడ్డాను. లేదన్నాను, నిజంగానే లేదు. ఆ తర్వాత ముందు ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి థైరాయిడ్, బీ12, షుగర్ చూపించుకు రమ్మన్నారు, ఒంట్లో లోపం ఉంటే మాటలతో తగ్గదని. బీ12 బాగా తక్కువ ఉంది, శాకాహారులకు మామూలేనన్నారు డాక్టరు, దానికి మందు వాడాను. సైకాలజిస్టు మొదటి పనిగా నన్ను ఇంకో డాక్టరు దగ్గరికి పంపడంతోనే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

నాకున్నదాన్ని అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అన్నారు. పెద్ద మార్పు వచ్చిన మూడు నెలల్లోపు మొదలై, ఆ ఒత్తిడి తీరిన ఆరు నెలల్లో మామూలుగా సర్దుకునే రకం. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు తయారుచేసిన పట్టిక ఒకటి చూపించారు. జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు అందులో. జీవిత భాగస్వామి పోతే 100, విడాకులు 73, దగ్గరి బంధువు పోతే 63, రిటైర్మెంట్ 45, పిల్లలు ఇల్లు వదిలితే 29, ఇల్లు మారితే 20. పెళ్ళికి కూడా 50 ఉంది, సంతోషమైన మార్పు కూడా మనిషిని అలిసిపోయేలా చేస్తుందని. ఆ పట్టిక పాతది, మన దేశం లెక్కలు కావు, మార్కుల్ని మరీ పట్టించుకోవద్దు అని కూడా ఆవిడే చెప్పారు. అయినా నాకు జరిగినవి వరసగా ఒక కాగితం మీద చూసుకున్నాక, ఇంత చిన్నదానికి ఇలా అయిపోయానేమిటి అన్న సిగ్గు కొంత తగ్గింది.

అసలు పని నిద్రతో మొదలైంది. ఇది బాగా రాస్తాను, ఎందుకంటే షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైనవాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. రోజూ ఎప్పుడు పడుకున్నాను, ఎన్నిసార్లు లేచాను, పొద్దున ఎప్పుడు లేచాను అని నోటుబుక్కులో రాయమన్నారు. మధ్యాహ్నం పడక బంద్. రాత్రి ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున ఐదున్నరకే లేవాలి, ఒక్కరోజు కూడా మార్చకూడదు. మెలకువ వచ్చి ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగి హాల్లో కూర్చోవాలి, గడియారం చూడకూడదు, ఫోన్ ముట్టుకోకూడదు, కళ్ళు మూతలు పడితేనే తిరిగి మంచం ఎక్కాలి. మంచమంటే నిద్రకే అని ఒంటికి మళ్ళీ అలవాటు చెయ్యడం అన్నమాట. మొదటి రెండు వారాలు నరకం, పగలంతా తల తూలిపోయేది, మానేద్దామనుకున్నాను. తర్వాత మెల్లగా తేడా వచ్చింది. ఇప్పుడు కూడా రెండింటికి మెలకువ వస్తుంది అప్పుడప్పుడు, కానీ మళ్ళీ పడుతుంది.

ఒక సెషన్‌కు మా ఆవిడని తీసుకురమ్మన్నారు. నా గురించి నాలుగు ఫిర్యాదులు చెబుతుందనుకుని తీసుకెళ్ళాను. ఆమె ఫిర్యాదు చెయ్యలేదు. ముప్పై ఏళ్ళకు పైగా పగలంతా ఇల్లు తనదే, పదకొండింటికి పని అయిపోతే వాళ్ళ అక్కతో ఫోన్, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం, నాలుగింటికి పక్కింటావిడతో పూలమార్కెట్‌కి. నేను ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి అవన్నీ ఆగిపోయాయట. "ఆయన ఏమీ అనరు మేడమ్, కానీ ఎవరితో, ఎంతసేపు, ఎందుకు అని అడుగుతారు" అంది. నా రిటైర్మెంట్ ఆమెకు కూడా మార్పే అని నాకు ఎవరూ అంతవరకు చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నేను ఇంట్లో ఉండకూడదని అక్కడే ఒప్పందం చేసుకున్నాం. మొత్తం ఫీజులో నాకు అన్నిటికంటే విలువైన గంట అది.

ఆ పది నుంచి ఒంటిగంట దాకా ఎక్కడికి వెళ్ళాలన్నది తర్వాతి హోంవర్క్. వారంలో చేసిన ప్రతి పనికీ రెండు మార్కులు వెయ్యాలి, ఎంత బాగనిపించింది, ఏదో చేశానని ఎంత అనిపించింది. ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు మొదటిదాంట్లో ఎనిమిది వచ్చింది, రెండోదాంట్లో రెండు. బ్యాంకు పనులకు తలకిందులు. రెండింట్లోనూ మార్కులు వచ్చే పని వెతకాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పేపర్లు చదువుదామని వెళ్ళాను. గ్రూప్స్‌కి, రైల్వే పరీక్షలకి చదివే పిల్లలతో కిటకిటలాడుతుంది అక్కడ, మెట్ల మీద కూడా కూర్చుని చదువుతుంటారు. స్టేషన్ మాస్టర్ పోస్టుకు చదువుతున్న నల్గొండ కుర్రాడు ఒకడు టీ దగ్గర పలకరించాడు. బ్లాక్ అంటే ఏమిటి, లూప్ లైన్ ఎందుకు, రాత్రి డ్యూటీలో స్టేషన్ మాస్టర్ ఒక్కడే ఉన్నప్పుడు ఏం చేస్తాడు, ఇవన్నీ చెప్తుంటే ఇంకో నలుగురు చేరారు. ఇప్పుడు వారంలో కొన్ని రోజులు వెళ్తున్నాను. ఆ పనికి రెండు గడుల్లోనూ తొమ్మిది వేసుకున్నాను. ఇది చెయ్యండి అని మేడమ్ ఒక్కసారి కూడా అనలేదు.

ఇక నచ్చనివి. ఖర్చు తక్కువేమీ కాదు. యాభై నిమిషాలకు మొదట 1200 తీసుకునేవారు, ఇప్పుడు 1500. మొదట్లో వారం వారం వెళ్ళాను, పెన్షన్ మీద బతికేవాళ్ళకు అది భారమే. ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకుండా మానేస్తే పూర్తి ఫీజు, చుట్టాలు చెప్పకుండా దిగే ఇళ్ళలో ఇది కష్టం. ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒంటి జబ్బులకు ఎలా బీమా ఇస్తారో మనసు జబ్బులకూ అలాగే ఇవ్వాలంటుంది, కానీ నా పాలసీలో ఆస్పత్రిలో చేరితేనే డబ్బు, ఓపీ ఖర్చులకు లేదు. మీ పాలసీలో ఓపీ కవర్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంకోటి, ఆ క్లినిక్ గది తలుపు పల్చన, బయట కుర్చీలో కూర్చుంటే లోపలి మాట గొణుగుడుగా వినపడుతుంది. చెప్పాక బయట ఒక ఫ్యాన్ పెట్టించారు, శబ్దానికి కొంత నయం. మధ్యలో కొన్ని వారాలు మా నాన్న గురించి తవ్వుతూ పోయారు, దానివల్ల నాకేమీ ఒరిగినట్టు లేదు. ఆ మాటే చెప్పాను, ఆవిడ నొచ్చుకోకుండా దారి మార్చారు.

గోప్యత విషయంలో మాత్రం పూర్తి మార్కులు. మా అమ్మాయి నాకు తెలియకుండా ఫోన్ చేసి, నాన్న ఎలా ఉన్నారు అని అడిగిందట. మీ నాన్నగారు ఒప్పుకుంటేనే మాట్లాడతాను అన్నారట ఆవిడ. అమ్మాయికి కోపం వచ్చింది. నాకు మాత్రం చాలా ధైర్యం వచ్చింది. వైద్యం తీసుకునేవాళ్ళ సంగతులు బయటపెట్టకూడదని ఆ 2017 చట్టంలోనే ఉంది.

అంత ఫీజు పెట్టలేనివాళ్ళకు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, ఓపీ నడుస్తుంది. ఎర్రగడ్డ పేరు చెప్పగానే నవ్వేవాళ్ళని పట్టించుకోవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్, అంటే మనసు బాగా లేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తుంటే మాత్రం నాలాగా వెతుకుతూ కూర్చోవద్దు, ఆ నంబరుకు ఆ క్షణమే చెయ్యండి, లేదా సైకియాట్రిస్టు ఉన్న ఆస్పత్రికి నేరుగా వెళ్ళండి.

ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను. అబ్బాయి ఆరు నెలలు డల్లాస్ వచ్చి ఉండమంటున్నాడు. అక్కడి నుంచి వీడియోలో కొనసాగిద్దామంటే మేడమ్ కుదరదన్నారు. అమెరికాలో వైద్యం తీసుకునే మనిషి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలట, తనకది లేదు. కాబట్టి వెళ్ళే లోపు ఉన్న సెషన్లన్నీ అక్కడి పగళ్ళు ఎలా గడపాలన్న దాని మీదే పెట్టుకున్నాం. మా ఆవిడ కూడా ఈసారి తానే వస్తానంది, కోడలి వంటింట్లో ఆరు నెలలు ఎలా ఉండాలో ఆమెకు కూడా అడగాల్సినవి ఉన్నాయట.