సైకిలుకి చోటున్న చోటే బస: రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా

కోనసీమ యాత్రల గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది కార్లో వెళ్లొచ్చినవాళ్లే. ఏసీ పనిచేసిందా, కిటికీలోంచి గోదావరి కనపడిందా, చేపల పులుసు కుదిరిందా అని చూసి బసకి మార్కులేస్తారు. సైకిళ్ల మీద గుంపుగా వెళ్లే మాలాంటివాళ్లకి అవన్నీ తర్వాతి సంగతులు. రాత్రి సైకిళ్లు తాళం పడేచోట పెట్టుకోనిస్తారా, తెల్లారగట్ల నాలుగున్నరకి గేటు తీసే మనిషి ఉన్నాడా, దారిలో ఆడవాళ్లు మొహమాటం లేకుండా వెళ్లగలిగిన బాత్రూములు ఎక్కడున్నాయి? ముందు ఇవి తేలాలి. రాజమండ్రి నుంచి అంతర్వేది వెళ్లి, నరసాపురం మీదుగా తిరిగొచ్చిన మొన్నటి చలికాలపు రైడుని ఆ లెక్కలోనే చెబుతున్నాను.

మా క్లబ్బు పెద్దదేం కాదు. ఆదివారం అయిదింటికి పుష్కర ఘాట్ దగ్గర పోగై, కడియం నర్సరీల దాకానో బ్యారేజీ దాకానో తొక్కి, ఎండెక్కేలోగా టిఫిన్ చేసి ఇళ్లకి చేరడం మామూలు కార్యక్రమం. పళ్ల డాక్టరమ్మ ఉన్నారు, బ్యాంకు వాళ్లున్నారు, రిటైరైన లెక్కల మాస్టారున్నారు, కాలేజీ కుర్రాళ్లున్నారు. కుర్రాళ్లలో కొందరు బ్రెవెలు తొక్కే రకం, అంటే 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లోపు ముగించేవాళ్లు. మాస్టారిది గేర్లు లేని నల్ల సైకిలు. ఇన్ని రకాల కాళ్లు ఒక్క దారిన పడాలంటే ఒకటే పద్ధతి: ముందు ఒకరు దారి పడతారు, ఆఖర్న ఒకరు కాపు కాస్తూ వస్తారు, మిగతావాళ్లంతా ఆ ఇద్దరి మధ్యే. ముందున్నవాళ్లు "గొయ్యి!" అంటే ఆ కేక వరసగా చివరిదాకా పాకాలి. ఆ తర్వాత ఎక్కువగా వినిపించేది "గేదె!". ఈ పద్ధతి కుర్రాళ్లకి నచ్చదు. నచ్చకపోతే బ్యారేజీ దాకా విడిగా తొక్కుకుపోయి, మేమొచ్చేదాకా అక్కడ టీ తాగుతూ కూచోవచ్చు. నా దృష్టిలో క్లబ్బంటే వెనకున్నవాళ్ల వేగమే. ఎవరెంత వేగంగా తొక్కారో లెక్కకట్టే స్ట్రావా యాప్‌లో పేరు పైన కనపడాలనుకునేవాళ్లకి ఒంటరిగా తొక్కుకోడానికి హైవే ఉంది.

ధవళేశ్వరం నుంచే అసలు దారి. కాటన్ దొర 1847లో మొదలెట్టిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. మొత్తం 175 గేట్లు, నాలుగు భాగాలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మొదటి భాగం దాటితే పిచ్చుకలంక, రెండోది దాటితే బొబ్బర్లంక. తెల్లారకుండా వెళ్తే బ్యారేజీ మీద బస్సులూ బళ్లూ పల్చగా ఉంటాయి. ఏడు దాటాక ఇరుకు, పైగా హారన్లు. బొబ్బర్లంక దగ్గర ఎడమకి తిరిగి కాలవగట్టు ఎక్కామా, ఇక మనదే రాజ్యం.

లొల్ల లాకుల దాకా ఉన్న ఆ గట్టు రోడ్డుకి సాటి ఈ డెల్టాలో ఇంకోటి లేదని నా పక్షపాతం. ఒకపక్క నిండుకాలవ, ఇంకోపక్క పల్లంలో అరటితోటలు, నెత్తిన చెట్ల నీడ. లాకుల దగ్గర నీళ్ల హోరుకి పక్కవాడి మాట వినపడదు. సినిమావాళ్లు ఊరికే ఎగబడలేదు. కాకపోతే ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. అప్పుడొస్తే అడుగున బురద, ప్లాస్టిక్ సంచులు, వాసన. ఫొటోలు చూసి వేసవి సెలవుల్లో బయల్దేరేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. గట్టు రోడ్డు మీద బాత్రూములు లేవు. మా ఆడవాళ్లు ధవళేశ్వరంలోనే ఒకసారి ఆగి, తర్వాత రావులపాలెం హైవే మీది పెట్రోలు బంకు దాకా ఓర్చుకున్నారు. ఇది చిన్న విషయమని మగవాళ్లే అంటారు.

శనివారం మాత్రం ఈ దారి పట్టకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు తీర్చుకునేవాళ్ల కార్లూ ఆటోలూ ఆత్రేయపురం మండలమంతా నిండిపోతాయి. గుంపుగా సైకిళ్లు నడపడం వాళ్లకీ ఇబ్బందే, మనకీ ప్రమాదమే. మేం అందుకే ఆది, సోమ పెట్టుకున్నాం.

ఆత్రేయపురంలో ఆగకుండా వెళ్తే పాపం. ఇక్కడి పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనడం ఎక్కడైనా కొనొచ్చు గానీ, రేకు తీయడం చూడాలి. బోర్లించిన కుండ కింద మంట సన్నగా ఎగుస్తూ ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డముక్క ముంచి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. గుడ్డ ఇటొచ్చేసరికి అటు రేకు ఆరిపోయి అంచులు లేస్తూ ఉంటుంది. దాన్ని చిటికెన లేపి పక్కన దొంతరలో పెట్టి మళ్లీ గుడ్డ ముంచుతారు. మాట్లాడుతూనే, మన వంక చూస్తూనే. మేం చూసినావిడ "ఎండన పడి ఎందుకండీ ఈ తొక్కుడు, బస్సులున్నాయి కదండీ" అని డాక్టరమ్మని నిలదీశారు. "ఆయ్, ఉన్నాయండి, కానీ బస్సు మీ ఇంటి ముందు ఆగదు కదండీ" అన్నారు ఈవిడ. పెట్టెలు సైకిలు సంచిలో పెడితే సాయంత్రానికి పొడే మిగులుతుంది. కొరియర్లో పంపే దుకాణాలున్నాయి, ఇంటి చిరునామా ఇచ్చి ముందుకి పొండి.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా పి. గన్నవరం వెళ్లే దారి బాగానే ఉంది గానీ చెప్పుకోడానికేం లేదు. అరటి గెలల లారీలకి దారివ్వాలి, అంతే. గన్నవరంలో గోదావరి పాయ వైనతేయ దాటేచోట మాత్రం దిగి చూడండి. నది మీదుగా కాలవని అవతలి లంకకి దాటించడానికి 1850ల్లో కట్టిన అక్విడెక్టు అది, 49 ఆర్చీలు. నది కింద, పంటకాలవ పైన. రాజోలు వైపు పొలాలు తడిసింది దీనివల్లే. పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన తల్లి ఆవిడ. ఆ మాట మాస్టారు చెబుతుండగానే కుర్రాళ్లకి ఆకలి గుర్తొచ్చింది. అంబాజీపేట వైపు మళ్లితే పొట్టిక్కలు దొరికేవి. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీ, కొబ్బరి పచ్చడి. తొక్కేవాళ్ల కడుపుకి అంతకంటే మంచి తిండి లేదు. ఓట్లేస్తే పొట్టిక్కలు ఓడిపోయాయి. నాకింకా కోపంగానే ఉంది.

ఎండ సంగతి ఒకటి, గాలి సంగతి ఒకటి. ఇక్కడ కొండలూ ఎత్తులూ లేవు కాబట్టి తేలికనుకుంటారు. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీంచి గాలి లేస్తుంది. దానికి ఎదురెళ్తే ముందు గేరు దించుకోవాలి, ఆ తర్వాత పంతం కూడా దించుకోవాలి. సముద్రం వైపు పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం లోపలికి తిరగండి. అప్పుడదే గాలి వీపున పడి నెట్టుకొస్తుంది.

ఇక బసలు. దిండిలో పర్యాటక సంస్థ వాళ్ల రిసార్టు ఇంకో గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డునే కొబ్బరితోటలో ఉంది, హౌస్‌బోట్లూ ఉన్నాయి. పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకి అదే మంచిది. సైకిలు గుంపుకి మాత్రం హౌస్‌బోటు వద్దు. మనం నీళ్లలో, సైకిళ్లు ఒడ్డున. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. ఇదివరకు ఒకసారి ఆ చుట్టుపక్కలే ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఈతకొలనూ, మెత్తటి పరుపులూ అన్నీ ఉన్నాయి. సైకిళ్లు గదుల్లోకి వద్దు, కార్ల షెడ్డులో పెట్టుకోండన్నారు. షెడ్డుకి గోడలే లేవు. పొద్దున టిఫిన్ ఎనిమిదింటికి గానీ మొదలవదట, ఫ్లాస్కులో టీ పోసి ఉంచమన్నా కుదరదన్నారు. డబ్బు మాత్రం రాగానే కట్టించుకున్నారు. కారున్నవాళ్లకి అది మంచి చోటే అయ్యుండొచ్చు.

ఈసారి రాజోలు దగ్గర ఒక పాత మండువా ఇంట్లో దిగాం. పిల్లలు ఉద్యోగాలకని వెళ్లిపోతే, ఆ ఇంటివాళ్లు నాలుగు గదులు అద్దెకిస్తున్నారు. ఏసీ రెండు గదుల్లోనే, వేడినీళ్లకి కట్టెల పొయ్యి మీద కాగు, దోమలకి తెరలు. మేం వీధి అరుగు దగ్గర సైకిళ్లు ఆనిస్తుంటే పెద్దావిడ బయటికొచ్చి, "అక్కడెందుకండీ, మండువాలో పెట్టేసుకోండి. మంచు పడితే తుప్పట్టేత్తాయండి" అన్నారు. సైకిళ్లన్నీ మండువా చుట్టూ వరండాలో, ధాన్యం బస్తాల పక్కన నిలబడ్డాయి. నాలుగున్నరకి ఆవిడే లేచి కాఫీ ఇచ్చారు. బాత్రూములు ఇంటి వెనకాల, రెండే. గుంపు పెద్దదైతే వరసలో నిలబడాలి. లోపం చెప్పాలంటే అదొక్కటే. మళ్లీ వెళ్తే అక్కడికే.

మలికిపురం సెంటర్లో డాక్టరమ్మ టైరు మెత్తబడింది. సన్న వాల్వు ట్యూబు అది. సైకిలు షాపాయన పాత పంపు తీసి చూసి, "దీనికి మా పంపు పట్టదండి. మీ దగ్గిర ఆ చిన్న ఇత్తడి ముక్కుంటే ఇటివ్వండి, కొట్టేత్తాను" అన్నాడు. ఆ ముక్క పదుల రూపాయల్లో వస్తుంది. అది సంచిలో లేకుండా డెల్టాలోకి దిగొద్దు. మామూలు పంక్చరు ఏ ఊళ్లోనైనా అతికిస్తారు, పనితనం బ్రహ్మాండంగా ఉంటుంది. గేరు తీగె, డిస్కు బ్రేకు ప్యాడ్లు లాంటివి రాజమండ్రి, కాకినాడ, భీమవరం దాటి వెతక్కండి. మేం సామానుకీ, తొక్కలేకపోయినవాళ్లకీ ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. అందరం తలాకొంచెం వేసుకుంటే అది భారమే కాదు.

అంతర్వేది సోమవారం పొద్దున ఖాళీగా ఉంది. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో అయితే సైకిలు కాదు, చెయ్యి కూడా ఆడించలేం. గుడికి వెళ్లేవాళ్లు పైన కట్టుకోడానికి ఒక పంచెగానీ లుంగీగానీ తెచ్చుకోవాలి. బిగుతు నిక్కర్లతో గుళ్లోకి వెళ్లడం మనకే బాగుండదు. దేవస్థానం అన్నదానం భోజనం శుభ్రంగా ఉంటుంది, కానీ దానికి ఆగితే ఎండలో పడతాం. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఇసకలో సైకిలు నడవదు, నడిపించుకుపోవాలి. గొలుసులో ఇసక పడితే సాయంత్రందాకా కరకరే.

సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పడవ, ఎక్కడమే ఈ దారిలో నాకు బాగా నచ్చిన ఘట్టం. పంటు మీద ముందు ఆటోలు, తర్వాత మోటారు సైకిళ్లు, సందుల్లో మేం. పాటు సమయంలో నీళ్లు దిగిపోయి ఎక్కే బల్ల ఏటవాలుగా వాలుతుంది. అడుగున ఇనుప బిళ్లలున్న రైడింగు బూట్లతో దాని మీద అడుగేస్తే సర్రున జారుతుంది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కండి. సైకిళ్లు కడ్డీకి ఆనించేచోట రంగు గీసుకుపోకుండా పంచె మడిచి పెట్టుకున్నాం. వరద రోజుల్లో మాత్రం ఈ దారి మర్చిపోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది రాగానే మేం లంక దారుల రైడ్లు రద్దు చేసుకుంటాం, చర్చ ఉండదు.

నరసాపురంలో దిగి పాలకొల్లు వెళ్తుంటే క్షీరారామం గోపురం దూరం నుంచే కనపడుతుంది, 120 అడుగుల ఎత్తు మరి. పాలకొల్లులో దిబ్బరొట్టె తిన్నాం. బయట కరకర, లోపల మెత్తన, పక్కన కొబ్బరి పచ్చడి. ఒకటి తింటే రెండు గంటలు ఆకలి మాటెత్తరు.

మార్టేరు దాటాక రోడ్డు సగం ధాన్యానిదే. 1982లో స్వర్ణ వంగడం వచ్చింది ఈ ఊరి పరిశోధన కేంద్రం నుంచే. ఆ చుట్టుపక్కల తారురోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. రైతుల్ని తిట్టుకుని లాభం లేదు, ఆరబెట్టుకోడానికి వాళ్లకి వేరే చోటు లేదు. ఒకరి వెనక ఒకరు, నెమ్మదిగా వెళ్లాలి. సన్న టైరు ధాన్యం మీదకెక్కితే పడ్డట్టే. రొయ్యల చెరువులున్నచోట లారీల్లోంచి కారిన నీళ్లకీ రోడ్డు జారుతుంది.

తణుకు, నిడదవోలు మీదుగా కొవ్వూరు చేరాక రోడ్డు-రైలు వంతెన. 1974 నాటిది. మరమ్మతులకని అప్పుడప్పుడు రోడ్డు మూసేస్తుంటారు, బయల్దేరేముందే కనుక్కోండి. తెరిచి ఉన్నా జాయింట్ల దగ్గర పగుళ్లు సన్న టైర్లని పట్టేస్తాయి, వాటిని అడ్డంగా దాటాలి. చీకటి పడితే ఆ వంతెన వద్దు. నిడదవోలు నుంచే విజ్జేశ్వరం వైపు మళ్లి బ్యారేజీ మీదుగా వచ్చేయండి.